డబుల్ కా మీఠాలో దాచిన ముక్క

నల్ల ద్రాక్ష ఉడుకుతున్న వాసన తగిలితే నాకు ఒకచోట కాలు నిలవదు. పోయిన వారం జల్‌పల్లిలో మా పైవాటాలో ఉండే అమ్మాయి తన పిల్లలకు జామ్ చేద్దామని ద్రాక్షపళ్లు పొయ్యి మీద పెట్టింది. తీపీ పులుపూ కలిసిన ఆ వేడి వాసన మెట్ల మీదుగా దిగి మా వంటింట్లోకి వచ్చేసరికి, నేను నానబెట్టిన చింతపండు గిన్నె పక్కన పెట్టి, వాకిట్లోకి పోయి, మళ్లీ లోపలికొచ్చి, ఫ్యాన్ వేసి, ఫ్యాన్ ఆపి, చివరికి ఏమీ తోచక ఆరేసిన బట్టలనే మళ్లీ దులిపి ఆరేశాను. మా ఆయన చూసి, "ఏందే, మీద బల్లి పడ్డదా?" అన్నాడు. బల్లి కాదు, నేను తొమ్మిదేళ్ల వయసులో చేసిన దొంగతనం.

దొంగతనమంటే ఏ చాక్లెట్టో, పక్కింటి జామకాయో అనుకునేరు. మా చర్చిలో ప్రభువు బల్ల మీద పెట్టి, పాస్టరుగారు ప్రార్థన చేసిన రొట్టె ముక్కను దొంగిలించాను. దొంగిలించి, దేవుడు లేడనే మా చిన్నాయనకు తెలియకుండా తినిపించాను. ఎందుకంటే ఆయన నరకానికి పోతాడని నాకు నూటికి నూరుపాళ్లు నమ్మకం కుదిరింది. ఆయన లేని పరలోకానికి నేను పోయి చేసేదేముందని నా బెంగ.

అప్పుడు మేం యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో, ఒకే వాకిలి చుట్టూ ఆరు వాటాలున్న ఇంట్లో ఉండేవాళ్లం. ఒక వాటాలో అమ్మ, బాపు, నేను. ఎదురు వాటాలో బాపు తమ్ముడు చిన్నాయన, చిన్నమ్మ. మిగతావాళ్లలో బర్రెలు పెట్టుకుని పాలు పోసేవాళ్లున్నారు, దర్జీ పనివాళ్లున్నారు, రైల్వేలో చేసేవాళ్లున్నారు. రైలు పోయినప్పుడల్లా గోడకు బోర్లించిన గిన్నెలు గలగలమనేవి. ఎండాకాలం సాయంత్రాలు వాకిట్లో నీళ్లు చల్లితే మట్టి వాసనా పేడ వాసనా కలిసి లేచేవి. రంజాన్ నెలలో గల్లీ చివర హలీం దంచే చప్పుడు, బోనాలకు లాల్‌దర్వాజా వైపు నుంచి డప్పులు, క్రిస్మస్‌కు మా అమ్మ చేసే గరిజెలు, గులాబిపువ్వులు. ఆ పళ్లెం మీద చేతిరుమాలు కప్పి అన్ని వాటాలకూ నేనే మోసేదాన్ని, మధ్యలో ఒక గరిజె మాయమయ్యేది, పళ్లెం మాత్రం ఏ ఇంటి నుంచీ ఖాళీగా తిరిగొచ్చేది కాదు. మిగిలిన రోజులన్నీ తొక్కుడుబిళ్ల, పతంగుల వెనక పరుగు, మోకాలికి ఎప్పుడూ ఒక పచ్చిపుండు.

మా బాపు బస్సు డిపోలో ఫిట్టర్. చర్చిలో సంఘపెద్ద. నెలకు ఒకసారి, మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల ఉండేది, అంటే ప్రభువు శిష్యులతో చేసిన చివరి భోజనాన్ని తలచుకుని పెద్దవాళ్లంతా ఒక రొట్టె ముక్క, ఒక గుక్క ద్రాక్షరసం తీసుకోవడం. ఆ రసం కాచే పని మా అమ్మది. పళ్ల కాలంలో నల్ల ద్రాక్ష, కాలం దాటితే బేగంబజార్ నుంచి తెచ్చిన ఎండు ద్రాక్ష, చక్కెర వేసి మరిగించి తెల్ల ధోవతి గుడ్డలో వడకట్టి సీసాలకు పోసేది. శనివారం సాయంత్రం బేకరీకి పోయి డబుల్ రొట్టె తెచ్చే పని నాది. ఆ బేకరీ భాయ్‌కి నెల లెక్క నాకంటే బాగా తెలుసు. నన్ను చూడగానే నిన్నటిది పక్కకు నెట్టి, "చర్చ్ కీ రోటీ హై నా, తాజా లే జా బేటీ" అని అప్పుడే దించిన రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. ఇంటికొచ్చేదాకా దాన్ని గుండెకు ఆనించుకుని ఆ వెచ్చదనం అనుభవించేదాన్ని.

అమ్మ ఆ రొట్టె అంచులు తీసేసి, లోపలి తెల్లటి భాగాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోసి గుడ్డలో కట్టేది. అంచులు పారేయడానికి ఆమెకు మనసొప్పేది కాదు. వాటిని డాల్డాలో ఎర్రగా వేయించి, చక్కెర పాకంలో వేసి, పాలు పోసి, ఇలాచీ దంచి వేసి ఆదివారం మధ్యాహ్నానికి డబుల్ కా మీఠా చేసేది. అంచులతో డబుల్ కా మీఠా ఏందని పక్కింటి బేగమ్మ నవ్వేది. నవ్వుకుంటూనే గిన్నె నాకేది. ఆ తీపికి అందరికంటే ముందు గిన్నె పట్టుకుని వచ్చేవాడు మా చిన్నాయన.

ఆయన బోర్డులు రాసే పెయింటర్. దుకాణాల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే చేత్తో రాసేవాడు, ఉర్దూ రాసేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టేవాడు. చెవి వెనక బీడీ, గోళ్ల సందుల్లో ఎప్పుడూ రంగు, ఒంటి మీద టర్పెంటైన్ వాసన. ప్రతి ఏడూ సమాధుల పండుగ ముందు మా చర్చి శ్మశానంలో పేర్లూ వాక్యాలూ కొత్తగా దిద్దే పని కూడా ఆయనదే. దేవుడు లేడనే మనిషి, మహిమ అనీ నిత్యజీవం అనీ ఎంత అందంగా రాసేవాడో చెప్పలేను. బాపు వెనక నిలబడి చూసి, "చేతులు నమ్ముతున్నయ్ తమ్మీ, నోరే నమ్మదు" అనేవాడు. చిన్నాయన కుంచె ఎత్తకుండానే, "అక్షరం నాది అన్నా, మాట మీది" అనేవాడు.

ఆదివారం భోజనాలయ్యాక వాకిట్లో నులక మంచం మీద ఈ అన్నదమ్ముల లొల్లి మొదలయ్యేది. రెండు రైళ్లు పోయేదాకా ఆగేది కాదు. చుట్టుపక్కల వాటాలవాళ్లకు అది సినిమా. దర్జీ మామ కుట్టు ఆపి మరీ వినేవాడు.

"సచ్చినంక ఏముంటదో సూసొచ్చినోడు ఒక్కడన్న ఉన్నడా అన్నా?"

"ఒక్కడున్నడు. మూడో దినం లేచిండు."

"గాయిన గాక ఇంకొకలు?"

"గాయిన చాలు."

"పరలోకం ఆశ ముందట పెట్టి, నరకం కట్టె వెనుక పట్టుకొని నిలవడ్తే, దాన్ని ప్రేమంటరా బెదిరింపంటరా?"

"నువ్వు లేదంటే లేకుంట పోతదా? పట్టా మీద నిలవడి కండ్లు మూస్కుంటే రైలు ఆగుతదా?"

"మరి మీ డిపోల దేవుడు లేడనేటోడు బిగించిన బోల్టు ఊడిపోయిందా ఎన్నడన్న?"

వాళ్ల డిపోలో అందరికంటే గట్టిగా బోల్టు బిగించేవాడు అలాంటివాడే. ఆ మాట బాపే ఒకసారి అమ్మతో చెప్పాడు. అప్పుడు బాపు బైబిల్ గుడ్డసంచిలో పెట్టేసి, "నువ్వు మొండోనివి రా" అనేవాడు. చిన్నమ్మ తన గడప మీద కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికే పనిలో తల వంచుకుని ఉండేది. ఆమె ప్రతి ఆదివారం చర్చికి వచ్చి ఆఖరి బెంచీలో కూర్చునేది. ఈ వాదనల్లో మాత్రం ఒక్కసారి కూడా నోరు విప్పగా నేను చూడలేదు. చిన్నాయన చర్చికి రావడం ఎందుకు మానేశాడని అడిగితే అమ్మ, "పెద్దోళ్ల ముచ్చట్లు నీకెందుకు" అని నా జడ లాగి గట్టిగా అల్లేది.

నాకు ఫికర్ పట్టుకున్నది సండే స్కూల్లో. మాకు పాఠం చెప్పే అక్క ఒక పాత పటం గోడకు తగిలించింది. అందులో రెండు దారులు. ఇరుకు దారి కొండెక్కి వెలుగులోకి పోతుంది. వెడల్పు దారిలో మస్తు జనం, నవ్వుకుంటూ, పాడుకుంటూ నడుస్తున్నారు, దాని చివర మంట. ఆ జనంలో ఒకడు సన్నగా, పొడుగ్గా, అచ్చం మా చిన్నాయన లాగే ఉన్నాడు. నేను లేచి, "అక్కా, దేవుడు లేడనేటోళ్లు ఏ దారిల పోతరు?" అని అడిగాను. ఆమె వేలు వెడల్పు దారి మీద పెట్టింది. పాపం, ఆమెది తప్పేం కాదు, ఆమెకు నేర్పింది ఆమె చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి చూస్తే చిన్నాయన నిచ్చెన భుజాన వేసుకుని, ఈల వేసుకుంటూ పనికి పోతున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఏందంటే చెప్పలేదు. కడుపునొప్పి అన్నాను. అమ్మ వాము నమిలించింది.

అప్పటినుంచి నాకు స్థిమితం లేదు. తొక్కుడుబిళ్ల ఆడితే గీత తొక్కేదాన్ని, ఎక్కాలు చెప్తుంటే ఏడు దగ్గర ఆగిపోయేదాన్ని. ప్రార్థన చేసి చూశాను, ఆయన బీడీ కూడా మానలేదు. ఆ రొట్టె తిన్నవాళ్లలో ప్రభువు ఉంటాడని అమ్మ ఎప్పుడో అన్న మాట అప్పుడే గుర్తొచ్చింది. ఇంకేముంది, ఒక్క ముక్క లోపలికి పోతే చాలు, చిన్నాయన దేవుడు లేడన్నా ప్రభువు ఆయన కడుపులో కూర్చుని ఉంటాడు కదా. తొమ్మిదేళ్ల బుర్రకు ఇంతకంటే మంచి ఉపాయం ఎక్కడినుంచి వస్తుంది?

బల్ల అయ్యాక మిగిలిన ముక్కల్ని పారేయకూడదు, మర్నాటికి ఉంచకూడదు. బాపు వాటిని ఇంటికి తెచ్చేవాడు. వంటింట్లో అమ్మ, బాపు నిలబడి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసి, మాట్లాడకుండా తినేసేవారు. కన్ఫర్మేషన్, అంటే పెద్దయ్యాక ప్రార్థన చేసి బల్లలో చేర్చుకోవడం, ఇంకా కాని పిల్లను కాబట్టి వాటిని ముట్టుకునే హక్కు నాకు లేదు. ఆ ఆదివారం వాళ్లు కళ్లు మూసుకున్నప్పుడు నేను మూసుకోలేదు. చెయ్యి చాపి ఒక ముక్క తీసి పిడికిట్లో దాచాను. చెయ్యి కాలుతున్నట్టే అనిపించింది. తర్వాత అమ్మ డబుల్ కా మీఠా గిన్నె ఇచ్చి చిన్నాయనకు ఇచ్చి రమ్మంటే, వాకిలి సగంలో ఆగి, ఆ ముక్కను పాకంలో ముంచి, పైన ఎర్రటి అంచులు కప్పాను.

ఆయన మంచం మీద కూర్చుని తింటుంటే నేను ఎదురుగా నిలబడి గుటకలు లెక్కపెట్టాను. సగంలో చెంచా ఆగింది. "గీ ముక్క తెల్లగున్నదేంది? అంచు గాదు, ఇది నడుమది," అని చెంచా మీద ఆ ముక్కను తిప్పి చూశాడు. "ఒదినె నా మీద ప్రేమతోటి వేసినట్టుంది" అని నోట్లో వేసుకున్నాడు. నేను గల్లీలోకి పరిగెత్తి, ఎవరిదో తెగిపోయిన పతంగి దొరికితే దాన్ని పట్టుకుని స్టేషన్ దాకా ఉరికాను. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు.

ఆ సంతోషం సరిగ్గా నెల ఉంది. మళ్లీ మొదటి ఆదివారం వచ్చింది. పాస్టరుగారు బల్ల ముందు ప్రతిసారీ చదివే భాగమే చదివారు. అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో, ఒక్కసారీ చెవికెక్కలేదు. ఆ రోజు ఎక్కింది. యోగ్యత లేకుండా ఈ రొట్టె తిన్నవాడు తన మీదికి తానే తీర్పు తెచ్చుకుంటాడట. అలా తిన్నందుకే కొందరు జబ్బు పడ్డారట, కొందరు చచ్చిపోయారట. దేవుడే లేడనేవాడికంటే యోగ్యత లేనివాడు ఇంకెవడుంటాడు? నేను చిన్నాయనను పరలోకానికి పంపలేదు, నా చేతులతో నేనే మంటలోకి తోశాను.

ఆ గురువారం చిన్నాయనకు కళ్లు పచ్చబడ్డాయి.

పచ్చకామెర్లు అన్నారు. ఆ ఎండాకాలం గల్లీలో నలుగురికి వచ్చాయి, నీళ్లు బాగాలేవని అందరూ అనుకున్నారు. నాకు మాత్రం కారణం తెలుసు. ఉప్పు లేని గంజి, చెరుకురసం, ఎవరో తెచ్చిచ్చిన నేల ఉసిరి పసరు. నిచ్చెన ఎక్కే మనిషి గోడ పట్టుకుని నడిచేవాడు. బాపు రోజూ డ్యూటీ దిగి వచ్చి తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేవాడు. చిన్నాయన, "చెయ్యి జర తియ్యన్నా, బరువుగున్నది" అనేవాడు. అయినా తలను పక్కకు తిప్పేవాడు కాదు. నేను గడప దాకా పోయి తిరిగొచ్చేదాన్ని, మళ్లీ పోయేదాన్ని. చిన్నమ్మ, "ఏంది బిడ్డా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్" అంది. అన్నం సహించేది కాదు. పడుకుంటే ఆ పటంలో మంట కనిపించేది, మంటలో నిచ్చెన కనిపించేది.

రెండు వారాలు ఎలాగో ఓర్చుకున్నాను. ఒక సెలవు రోజు పొద్దున చిన్నమ్మ గాజులు ఇచ్చి రావడానికి పోయింది. బాపు వాకిట్లో నల్లా దగ్గర అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. నేను చిన్నాయన మంచం పక్కన నిలబడి మొత్తం చెప్పేశాను, పిడికిలి సంగతి, పాకం సంగతి, పాస్టరుగారు చదివిన సంగతి. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఎందుకు పెట్టినవ్ బిడ్డా?"

"నువ్వు మంటల పోవద్దని. నువ్వు లేకుంటే ఆడ నేనెవలతోటి ఉండాలె?"

ఆయన మోచెయ్యి కళ్ల మీద పెట్టుకున్నాడు. దేవుడు లేడు, రొట్టె రొట్టే అని ఆయన అనవచ్చు. కానీ ఆ మాట నాకు పనికిరాదని ఆయనకు తెలుసు. ఆ మాటే కదా ఆయనను నరకానికి పంపుతున్నది. చివరికి చెయ్యి తీసి, "పో. మీ బాపును అడుగు. తెల్వకుంట తిన్నోనికి శిక్ష పడ్తదా అని అడుగు" అన్నాడు.

వాకిట్లోకి పోయి అడిగాను. బాపు సగం గడ్డం నురగతో తిరిగి, ఎవరు తిన్నారు, ఏం తిన్నారు అని గుచ్చిగుచ్చి అడిగాడు. దొంగతనం సంగతి కూడా చెప్పేశాను. బెల్టు తీస్తాడనుకున్నాను. ఆయన బ్లేడు పక్కన పెట్టి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తెల్వకుంట తిన్నోడు తప్పు చేసినోడు ఎట్లయితడు బిడ్డా. తెల్వనోని మీద దేవుడు కోపం పెట్టుకోడు. ఆయన గంత అన్యాయస్తుడు కాడు. మీ చిన్నాయనకేం కాదు. కామెర్లు తగ్గుతయ్, ఫికర్ చెయ్యకు."

నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. అప్పుడు లోపలి నుంచి చిన్నాయన గొంతు వినిపించింది. గట్టిగా కాదు, అంత ఓపిక ఆయనకు లేదు.

"అన్నా. గీ మాట నా కొడుకు పోయిననాడు ఎందుకు చెప్పలె?"

బాపు అలాగే గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక రైలు వచ్చి పోయింది. సబ్బు నురగ బుగ్గ మీదే ఎండిపోయింది.

ఆ సాయంత్రం అమ్మను పట్టుకుని వదల్లేదు, ఈసారి చెప్పక తప్పలేదు ఆమెకు. చిన్నాయనకు ఒక కొడుకు పుట్టి ఎనిమిది రోజులకే పోయాడు. బతికి ఉంటే నాకంటే రెండు నెలలు పెద్ద. బాప్తిస్మం ఇంకా కాలేదు. అప్పటి పాస్టరుగారు బాప్తిస్మం లేని బిడ్డను సమాధుల వరుసలో పెట్టకూడదని శ్మశానంలో గోడ మూలకు చోటు చూపించారట. చిన్నాయన అక్కడే బాపు చెయ్యి పట్టుకుని, "అన్నా, నా కొడుకు ఇప్పుడు యాడున్నడు?" అని అడిగితే, సంఘపెద్ద అయిన మా బాపు, "బాప్తిస్మం కాలే గద తమ్మీ, మనం ఏం చెప్పలేం" అన్నాడట. ఆ ఆదివారం నుంచి చిన్నాయన చర్చి గడప తొక్కలేదు. తొమ్మిదేళ్లుగా నులక మంచం మీద వాళ్లిద్దరూ కొట్లాడుతున్నది దేవుడు ఉన్నాడా లేడా అని కాదని నాకు అప్పుడు అర్థమైంది. అర్థమై, వాళ్లిద్దరి మీదా కోపం వచ్చింది. ఇంత సంగతి కడుపులో పెట్టుకుని, చూసొచ్చినోడెవడు, లేచినోడెవడు అని పంచాయితీలు పెట్టుకుంటారా ఎవరైనా?

కామెర్లు తగ్గాయి. చలి మొదలవుతుండగా సమాధుల పండుగ వచ్చింది. మా దగ్గర ఆ రోజు మొత్తం కుటుంబాలు శ్మశానానికి పోతాయి. గడ్డి పీకి, సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగిస్తాయి, పిల్లలు సమాధుల మధ్య ఉరుకుతూ మైనం ఉండలు చుట్టుకుంటారు. చిన్నాయన అందరి పేర్లూ రాశాక బకెట్లో మిగిలిన సున్నం తీసుకుపోయి గోడ మూల నాలుగు ఇటుకల మీద పూస్తాడు. ప్రతి ఏడూ నేను చూసేదాన్ని, బకెట్ ఖాళీ చేస్తున్నాడనుకునేదాన్ని. ఆ ఏడు బాపు ఆయన వెనకాలే పోయాడు. నేనూ పోయాను. చిన్నమ్మ కొవ్వొత్తి పట్టుకుని అప్పటికే అక్కడ ఉంది.

"దీని మీద ఏం రాయలేదేంది తమ్మీ?" అన్నాడు బాపు.

"ఏం రాయాలె? పేరు పెట్టలె. బాప్తిస్మం నాడు పెడ్దామనుకున్నం."

అప్పుడు మాట్లాడింది చిన్నమ్మ.

"పేరు లేకుంట ఎట్లుంటది? మామ పేరే పెట్టుకున్న. యాకోబు. ఎనిమిది దినాలు యాకోబూ యాకోబూ అనుకుంటనే పాలిచ్చిన. తొమ్మిదేండ్ల సంది మీరిద్దరు గింత లొల్లి పెడ్తున్నరు, ఒక్కలన్న నన్ను అడిగిన్రా?"

యాకోబు మా తాత పేరు, వాళ్లిద్దరి తండ్రి పేరు. బాపు కిందికి వంగి రంగు డబ్బా తీసి పట్టుకుని, "రాయి తమ్మీ" అన్నాడు. చిన్నాయన రాశాడు. ఉర్దూలోనూ వంకర పోని ఆ చెయ్యి ఆ మూడు అక్షరాలనూ రెండేసిసార్లు దిద్దింది. రాశాక కూడా కొట్లాడారు. సిలువ వెయ్యమని బాపు, వద్దని చిన్నాయన. "వెయ్యి" అంది చిన్నమ్మ. వేశాడు. నమ్మి కాదు, ఆమె అడిగిందని.

తిరిగి వస్తూ బాపు నడుస్తూ నడుస్తూనే అన్నాడు: "ఆ దినం నాకు భయమైంది తమ్మీ. పాస్టరుగారి మాటకు ఎదురు జెప్తే నేనేడికి పోతనో అని. గందుకే నోరు మూస్కున్న." చిన్నాయన, "ఎరుకే" అన్నాడు. అంతే. మళ్లీ ఆదివారం మళ్లీ మంచం వేశారు, మళ్లీ లొల్లి. కానీ నరకం అన్న మాట మా వాకిట్లో ఆ తర్వాత ఎవరి నోటి నుంచీ నేను వినలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, అక్కడ ఐదంతస్తులు లేచాయి. కుంచె పట్టి బోర్డు రాసేవాళ్లు లేరు, ఫ్లెక్సీలే. చర్చికి రొట్టె బదులు పల్చటి బిళ్లలు పాకెట్లలో వస్తున్నాయి, రసం సీసాలలో వస్తుంది, ఎవరి వంటింట్లోనూ ఏదీ ఉడకదు. బాప్తిస్మం లేని బిడ్డను మూలకు పెట్టే పాస్టర్లు కూడా లేరు, అది మంచిదే. బాపు పోయి చాలా కాలమైంది. వాదనలు మాత్రం పోలేదు, ఫోన్లలోకి చేరాయి. మా చుట్టాల పిల్లలు వాట్సాప్ గ్రూపులో ఒకరు దేవుడున్నాడని వీడియో పెడితే ఇంకొకరు లేడని పెడతారు, పొద్దుగూకులూ తిట్టుకుంటారు. ఎవరికి ఎవరు పోయారో, ఏ మూలన పూడ్చుకున్నారో అడిగేవాళ్లు లేరు. నాకు ఫోన్ విసిరికొట్టాలనిపిస్తుంది.

చిన్నాయన, చిన్నమ్మ చివరికి జల్‌పల్లిలో మా ఇంట్లోనే ఉన్నారు. పోయిన వానాకాలం ఆయన పోయాడు. చర్చి గడప తొక్కకుండానే పోయాడు. అందుకే ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని, మీ చిన్నాయన ఆఖరికైనా నమ్మాడా అని మెల్లగా అడుగుతారు. నేను నమ్మేదాన్నే. ఆయన కోసం ఇప్పటికీ భయపడేదాన్నే. నమ్మాడని అబద్ధం చెప్పలేను, లేదని చెప్పడానికి నోరు రాదు. అందుకని ఆ ఆఖరి మధ్యాహ్నం ఏం జరిగిందో అదే చెప్తాను.

ప్రార్థన చెయ్యాల్నా చిన్నాయినా అని అడిగాను. "నీకు నిమ్మళమైతదంటే చేస్కో బిడ్డా" అన్నాడు. చేశాను. కళ్లు తెరిచేసరికి ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. "ఒకేళ మీ బాపు చెప్పిందే నిజమై ఆడ ఏమన్న ఉంటే, ముందుగాల పిలగాన్ని ఎత్తుకుంట. దేవునితోటి లొల్లి తర్వాత పెట్టుకుంట" అన్నాడు. కాళ్ల దగ్గర కూర్చున్న చిన్నమ్మ, "ఎనిమిది దినాల పోరడు. గుర్తు పడ్తవా?" అంది.

"పేరు పెట్టినవ్ గద," అన్నాడు. "పిలుస్త."